పాఠం 12: నీటిలో వేడిని నిల్వ చేయడం

12.0 పరిచయం

వంటకు గ్యాసు వచ్చిన ఇళ్లలో కూడా స్నానానికి నీళ్లు కాచుకోవడానికి కట్టెల పొయ్యి వాడేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. కొందరు పెరట్లో మూడు రాళ్ల మీద కాగు పెట్టి కాస్తారు. మరికొందరు రాగి లేక ఇత్తడి బాయిలర్ వాడతారు. తెల్లవారుజామున పొయ్యి రాజేస్తే, ఇంట్లో చివరివారి స్నానం అయ్యేదాకా ఎవరో ఒకరు అక్కడ కూర్చొని కట్టెలు ఎగదోస్తూ ఉండాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఆ పొగ మింగేదీ వాళ్లే.

ఒకేసారి బాగా మంట వేసి, ఆ వేడిని దాచుకొని, కావలసినప్పుడు వాడుకోలేమా? వాడుకోగలం. అందుకు ఖరీదైన యంత్రమేమీ అక్కరలేదు. వేడిని దాచే పదార్థం మనకు తెలిసినదే: నీరు. అది ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

12.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఉష్ణానికి, ఉష్ణోగ్రతకు గల తేడాను వివరించగలుగుతారు.
• వేడిని నిల్వ చేయడానికి నీరు ఎందుకు అనువైనదో చెప్పగలుగుతారు.
• మీ ఇంటికి ఎన్ని వేడినీళ్లు, ఎన్ని కట్టెలు కావాలో లెక్కకట్టగలుగుతారు.
• నిల్వ చేసిన వేడి పోకుండా, ప్రమాదం జరగకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను పాటించగలుగుతారు.

12.2 ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు

ఒక గ్లాసులో 200 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు ఉన్నాయి. పక్కనే బకెట్‌లో 20 లీటర్ల గోరువెచ్చని నీళ్లు ఉన్నాయి. దేనిలో వేడి ఎక్కువ? చేయి పెట్టి చూస్తే గ్లాసే చురుక్కుమంటుంది. కాని లెక్క చూడండి.

ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి కావలసిన ఉష్ణాన్ని ఒక కిలోకెలోరీ అంటారు. ఒక లీటరు నీరు సుమారు ఒక కిలో తూగుతుంది. మొదట రెండింటిలోని నీళ్లూ 20 డిగ్రీల వద్ద ఉన్నాయనుకుందాం.

గ్లాసు నీళ్లు 100 డిగ్రీలకు చేరడానికి: 0.2 × 80 = 16 కిలోకెలోరీలు.
బకెట్ నీళ్లు 40 డిగ్రీలకు చేరడానికి: 20 × 20 = 400 కిలోకెలోరీలు.

గ్లాసు కంటే బకెట్ తీసుకున్న ఉష్ణం 25 రెట్లు ఎక్కువ! ఒక వస్తువు ఎంత వేడిగా ఉందో తెలిపేది ఉష్ణోగ్రత. ఆ వస్తువులోకి ఎంత శక్తి చేరిందో తెలిపేది ఉష్ణరాశి. ఈ తేడాను 18వ శతాబ్దంలో స్పష్టంగా గుర్తించిన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్.

ఉష్ణరాశి = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో మార్పు

12.3 నీరే ఎందుకు?

ఒక కిలో పదార్థాన్ని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన ఉష్ణాన్ని విశిష్టోష్ణం అంటారు. కొన్ని పదార్థాల విశిష్టోష్ణాలు కిలోకెలోరీలలో:

నీరు – 1.0
ఇటుక, రాయి – సుమారు 0.2
ఇనుము – 0.11
రాగి – 0.09

ఒకే బరువు, ఒకే ఉష్ణోగ్రతా మార్పు ఉన్నప్పుడు రాయి కంటే నీరు సుమారు అయిదు రెట్లు ఎక్కువ వేడిని దాచుకుంటుందన్నమాట. పైగా నీరు చవక. గొట్టంలో పారుతుంది, చెంబుతో ముంచుకోవచ్చు. అయితే ఒక పరిమితి ఉంది. మూత బిగించని పాత్రలో నీరు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది. అంతకు మించి వేడెక్కదు. రాయికి ఆ పరిమితి లేదు.

కాశ్మీర్‌లోని సంప్రదాయ హమామ్‌లో ఈ రెండింటినీ వాడతారు. గది నేలగా రాతి పలకలు పరిచి, వాటి కింద ఖాళీ వదిలి, అందులో కట్టెలు మండిస్తారు. వేడి వాయువులు పలకల కింద పారి బయటికి పోతాయి. పొయ్యి దగ్గర గోడలో రాగి నీటిపాత్ర అమర్చి ఉంటుంది. మంట ఆరిన తరువాత కూడా రాయి గదిని, పాత్ర నీటిని వెచ్చగా ఉంచుతాయి. డిసెంబరు 21 నుంచి 40 రోజులపాటు సాగే చిల్లై కలాన్ చలికాలంలో అక్కడివారికి ఇదే ఆసరా.

పాఠంలో ప్రశ్న 1: 40 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు వేడి చేయడానికి ఎంత ఉష్ణం కావాలి?

12.4 మీ ఇంటి లెక్క

అయిదుగురున్న ఇల్లు. ఒక్కొక్కరికి 40 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు, మొత్తం 75 లీటర్లు కావాలి. చలికాలంలో చన్నీళ్లు 20 డిగ్రీల వద్ద ఉన్నాయి.

కావలసిన ఉష్ణం = 75 × 20 = 1,500 కిలోకెలోరీలు.

75 లీటర్లూ కాచనక్కరలేదు. 25 లీటర్లను 80 డిగ్రీలకు కాచి, అందులో 50 లీటర్ల చన్నీళ్లు కలిపితే చాలు. సరిచూడండి: 25 × 80 = 2,000; 50 × 20 = 1,000; మొత్తం 3,000. దీనిని 75తో భాగిస్తే 40 డిగ్రీలు వస్తుంది. అంటే వేడి ఎక్కువైతే చిన్న పాత్రే సరిపోతుంది.

ఇక కట్టెలు. బాగా ఆరిన ఒక కిలో కట్టెలు మండితే సుమారు 3,500 కిలోకెలోరీల ఉష్ణం వస్తుంది. మూడు రాళ్ల పొయ్యిలో అందులో పదో వంతు మాత్రమే నీటికి చేరిందనుకుంటే, కిలోకు 350 మాత్రమే దక్కుతాయి. 1,500 కావాలంటే నాలుగు కిలోలకు పైగా కట్టెలు కావాలి. నడుమ గొట్టంలో మంట, చుట్టూ నీరు ఉండే బాయిలర్‌లో వేడి చాలావరకు గొట్టం గోడల గుండా నీటిలోకే పోతుంది. అందులో నూటికి 40 వంతులు నీటికి చేరాయనుకుంటే, కిలోకు 1,400 దక్కుతాయి. కిలోకు కాస్త పైగా కట్టెలు సరిపోతాయి.

పచ్చికట్టెలు వాడితే ఈ లెక్క తప్పుతుంది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం వరకు నీరే ఉండవచ్చు. దానిని ఆవిరి చేయడానికే చాలా వేడి ఖర్చవుతుంది. అందువల్ల వానాకాలానికి ముందే కట్టెలు చీల్చి, చూరు కింద గాలి తగిలేలా పేర్చుకోండి.

12.5 మంటను అణచవద్దు, వేడిని దాచండి

నీళ్లు త్వరగా మరగకుండా చాలామంది గాలి అందకుండా చేసి మంటను అణుస్తారు. అప్పుడు కట్టె సగం కాలి పొగ వస్తుంది. ఆ పొగలో ఉన్నది మండకుండా పోతున్న ఇంధనమే. అది పొగగొట్టంలో తారులా అంటుకుంటుంది; ఒక్కోసారి అక్కడే నిప్పంటుకుంటుంది.

స్వీడన్, ఆస్ట్రియా వంటి చలిదేశాల ఇళ్లలో దీనికి ఒక మార్గం అనుసరిస్తారు. బాయిలర్‌లో కట్టెలను కొద్ది గంటలపాటు పూర్తి మంటతో కాలుస్తారు. వచ్చిన వేడిని పెద్ద నీటి ట్యాంకులో నింపి, తరువాత గొట్టాల ద్వారా గదులకు పంపుతారు. 1,000 లీటర్ల ట్యాంకును 40 నుంచి 85 డిగ్రీలకు వేడి చేస్తే 45,000 కిలోకెలోరీలు నిల్వ అవుతాయి. ఇది సుమారు 52 యూనిట్ల కరెంటుతో సమానం. ఇంటికి గంటకు 5 యూనిట్ల వేడి కావాలనుకుంటే, మంట ఆరాక కూడా పది గంటలు వస్తుంది. మన ఇంటికి అంత ట్యాంకు అక్కరలేదు. సూత్రం మాత్రం అదే.

12.6 వేడినీరు పైకి, చన్నీరు కిందికి

వేడెక్కిన నీరు వ్యాకోచించి తేలికవుతుంది. తేలికైన నీరు పైకి చేరుతుంది. దీనిని ఉష్ణ సంవహనం అంటారు. కదిలించకుండా ఉంచితే ట్యాంకులో పైన వేడినీరు, కింద చన్నీరు పొరలుగా నిలుస్తాయి. అందువల్ల:

• వెడల్పు ట్యాంకు కంటే నిలువు ట్యాంకు మంచిది.
• వేడినీటి కుళాయిని పైభాగంలో పెట్టాలి. చన్నీటిని అడుగున వదలాలి.
• ట్యాంకును బాయిలర్ కంటే ఎత్తులో ఉంచితే పంపు అక్కరలేదు. బాయిలర్ పైభాగం నుంచి ఒక గొట్టం ట్యాంకు పైభాగానికి, ట్యాంకు అడుగు నుంచి మరొకటి బాయిలర్ అడుగుకు ఉండాలి. నీరు తనంతట తానే తిరుగుతుంది.
• పైకి వెళ్లే గొట్టం ఎక్కడా కిందికి వంగకూడదు. వంగితే గాలి చిక్కుకొని నీరు ఆగిపోతుంది.

డాబాల మీద కనిపించే సోలార్ వాటర్ హీటర్లు చాలావరకు ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. అక్కడ కట్టెల బదులు ఎండ ఉంటుంది, అంతే.

12.7 దాచిన వేడి ఎటు పోతుంది?

మొదటి దారి మూత లేని నోరు. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 560 కిలోకెలోరీల ఉష్ణాన్ని వెంట తీసుకుపోతుంది. 50 లీటర్ల కాగులో ఒక లీటరు ఆవిరైతే, మిగిలిన నీరు ఆ ఒక్క కారణంతోనే 11 డిగ్రీలు చల్లబడుతుంది. మూత పెట్టడం ఖర్చు లేని పొదుపు.

రెండవ దారి పాత్ర గోడలు. ట్యాంకు చుట్టూ నాలుగు అంగుళాల మందాన ఊక, గడ్డి లేక పాత బొంత వంటివి కట్టండి. వీటిలో చిక్కుకున్న గాలి వేడిని పోనివ్వదు. అవి తడిస్తే ఆ గుణం పోతుంది. ఊక, గడ్డి, బొంత త్వరగా అంటుకుంటాయి కాబట్టి వాటిని నిల్వ ట్యాంకుకే కట్టాలి, మంట ఉండే బాయిలర్‌కు కట్టరాదు.

ఒక ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపు చేస్తే నీరు ఎనిమిది రెట్లు పడుతుంది; పైతలం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. అందుకే నాలుగు చిన్న పాత్రల కంటే ఒక పెద్ద పాత్రలో వేడి ఎక్కువసేపు నిలుస్తుంది.

12.8 తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

1. బాయిలర్‌ను, ట్యాంకును ఎప్పుడూ పూర్తిగా మూసివేయకండి. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ఆవిరికి దారి లేకపోతే పాత్ర బాంబులా పేలుతుంది. పైన ఎప్పుడూ తెరిచి ఉండే గొట్టం ఒకటి ఉండాలి. దానికి కుళాయి బిగించరాదు, గుడ్డ కుక్కరాదు.

2. నీళ్లు నింపకుండా బాయిలర్ వెలిగించకండి. అతుకులు కరిగిపోతాయి.

3. మూసిన స్నానాలగదిలో బాయిలర్‌ను గాని, బొగ్గుల కుంపటిని గాని పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పొగ లేని నిప్పుల నుంచి కూడా అది వస్తుంది. తలనొప్పి, మత్తు వచ్చి, మనిషి లేవలేక అక్కడే ప్రాణం పోవచ్చు. బాయిలర్ ఆరుబయటే ఉండాలి.

4. 60 డిగ్రీల నీరు కొన్ని సెకండ్లలోనే ఒళ్లు కాలుస్తుంది. బకెట్‌లో మొదట చన్నీళ్లు పోసి, తరువాత వేడినీళ్లు కలపండి. పిల్లలను కుళాయి దగ్గరికి రానివ్వకండి.

5. మామూలు ప్లాస్టిక్ డ్రమ్ము వేడికి మెత్తబడుతుంది. దానిలో మరిగే నీళ్లు నిల్వ చేయకండి.

12.9 మీరు ఏమి నేర్చుకున్నారు?

• ఉష్ణరాశి వేరు, ఉష్ణోగ్రత వేరు.
• నీటి విశిష్టోష్ణం ఎక్కువ కనుక అది వేడిని బాగా నిల్వ చేస్తుంది.
• ఆరిన కట్టెలతో పూర్తి మంట వేసి వేడిని దాచుకుంటే కట్టెలు, శ్రమ, పొగ తగ్గుతాయి.
• మూత, బంధకం వేడిని కాపాడతాయి. తెరిచిన గొట్టం, ఆరుబయటి స్థలం ప్రాణాలను కాపాడతాయి.

12.10 పాఠాంత ప్రశ్నలు

1. 40 డిగ్రీల నీళ్లు 60 లీటర్లు కావాలి. చన్నీళ్లు 20 డిగ్రీలు, వేడినీళ్లు 80 డిగ్రీలు. ఏవి ఎన్ని లీటర్లు కలపాలి?
2. రాత్రి 80 డిగ్రీలున్న 50 లీటర్ల నీరు తెల్లవారేసరికి 65 డిగ్రీలకు తగ్గింది. పోయిన ఉష్ణం ఎంత? కిలో కట్టెలకు 1,400 కిలోకెలోరీలు దక్కితే, ఎన్ని కట్టెలు వృథా అయినట్లు?
3. ఈ వారం మీ ఇంట్లో రోజూ నీళ్లు కాచడానికి వాడే కట్టెలను తూచి రాయండి. మూడు రోజులు మూత లేకుండా, మూడు రోజులు మూతతో కాచి తేడా గమనించండి.

జవాబులు
పాఠంలో ప్రశ్న 1: 2,000 కిలోకెలోరీలు.
పాఠాంత ప్రశ్న 1: వేడినీళ్లు 20 లీటర్లు, చన్నీళ్లు 40 లీటర్లు.
పాఠాంత ప్రశ్న 2: 750 కిలోకెలోరీలు, సుమారు అరకిలో.
పాఠాంత ప్రశ్న 3: మీ లెక్కే జవాబు. దానిని మీ అధ్యయన కేంద్రంలో తోటి అభ్యాసకుల లెక్కలతో పోల్చి చూడండి.