ఇడియమ్స్ బట్టీ పట్టకండి

ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్నారా? కోచింగ్ సెంటర్‌లో ఇచ్చిన ఇడియమ్స్ లిస్టు చేతిలో ఉందా? ఎస్‌ఎస్‌సీ ఉద్యోగ పరీక్షకైతే అది పనికొస్తుంది. నాలుగు ఆప్షన్లలో సరైన అర్థం గుర్తుపడితే మార్కు మీదే. కానీ గుర్తుపట్టడం వేరు, వాడటం వేరు. చాలా పుస్తకాలు మొదటిది నేర్పి, రెండోది దానంతటదే వస్తుందని వదిలేస్తాయి. రాదు.

ఆ లిస్టులో ఏం లేదో చూడండి. ‘కిక్ ద బకెట్’ ఎదురుగా ‘చనిపోవు’ అని ఉంటుంది. అర్థం సరైనదే. అయితే అది చావును తేలిక చేసే మాట. మేనేజరు గారి నాన్న పోయారని తెలిసి, పరామర్శ మెయిల్‌లో ఆ మాట రాస్తే ఆయన మనసు ఎంత నొచ్చుకుంటుంది! ఎవరి దగ్గర అనొచ్చు, ఎక్కడ అనకూడదు అన్నది చెప్పకపోతే అది సగం పాఠమే. పైగా ఆ మాట వినపడేదే అరుదు. రోజమండ్ మూన్ అనే బ్రిటిష్ భాషావేత్త సుమారు 1.8 కోట్ల పదాల ఇంగ్లిష్‌ను జల్లెడ పట్టి, వేల పదబంధాల వాడుకను లెక్కగట్టి 1998లో పుస్తకం వేశారు. వాటిలో ఎక్కువ భాగం పది లక్షల పదాలకు ఒక్కసారైనా కనిపించవని తేలింది. మనం రాత్రుళ్లు మేలుకుని వల్లించే ఇడియమ్స్‌లో చాలావరకు ఆ అరుదైన గుంపులోవే.

మరి నిజంగా కావలసినవేవి? ‘ఇట్ డిపెండ్స్’, ‘యాజ్ ఫార్ యాజ్ ఐ నో’, ‘ఐ వజ్ వండరింగ్ ఇఫ్’, ‘దట్ మేక్స్ సెన్స్’. మెరుపులేమీ లేని మాటలు. పరీక్షలో అడగరు కాబట్టి లిస్టుల్లోనూ ఉండవు. ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినిపించేవి మాత్రం ఇవే. 1993లో మైకేల్ లూయిస్ ‘ద లెక్సికల్ అప్రోచ్’ రాసి, ఇలాంటి పదబంధాలే భాషా బోధనకు పునాది కావాలని గట్టిగా వాదించారు. అంతకు పదేళ్ల ముందే పాలీ, సైడర్ అనే పరిశోధకులు ధారాళంగా మాట్లాడేవారి గుట్టు విప్పారు. అలా మాట్లాడేవాళ్లు ప్రతి వాక్యాన్నీ కొత్తగా కట్టరు. నోట్లో సిద్ధంగా ఉన్నవే తీసి వాడతారు. మనలో చాలామంది తెలుగులో అనుకుని, ఒక్కో పదాన్నీ మార్చుకుని, గ్రామర్ సరిచూసుకునేసరికి ఎదుటివారు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

ఇడియమ్స్ మానేయమనడం లేదు, నేర్చుకునే దారి మార్చుకోమంటున్నాను. కోపానికి సంబంధించినవన్నీ ఒకే పేజీలో కుక్కే పుస్తకాలున్నాయి. దగ్గరి అర్థాల కొత్త పదాలు ఒకేసారి నేర్చుకుంటే ఒకదానికొకటి అడ్డుపడతాయని థామస్ టింక్‌హామ్ 1993లోనే చూపారు. ఇడియమ్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే బాగా గుర్తుంటుందని బెల్జియంకు చెందిన ఫ్రాంక్ బూర్స్ పరిశోధనలు చెబుతున్నాయి. క్రికెట్ చూసే మనకు ‘ఆన్ ద బ్యాక్ ఫుట్’ అంటే వేరే వివరించాలా? వానకు తడిసి ఆరుతున్న పిచ్ మీద బ్యాటింగ్ ఎంత కష్టమో ఊహించుకుంటే ‘స్టికీ వికెట్’ (చిక్కు పరిస్థితి) ఇక మరిచిపోరు. అమెరికా క్లయింటు దగ్గర మాత్రం దాన్ని వాడకండి. వాళ్ల ‘టచ్ బేస్’ (ఒకసారి మాట్లాడుకోవడం), ‘బాల్‌పార్క్ ఫిగర్’ (ఉజ్జాయింపు అంకె) బేస్‌బాల్ నుంచి వచ్చినవి. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో మీ చెవిన పడేవీ అవే, ముందు వాటిని పట్టుకోండి.

నోట్‌బుక్‌లో అర్థం కోసం గీసిన కాలమ్ కొట్టేయండి. విన్న వాక్యం మొత్తం రాయండి. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో పక్కనే రాయండి. ఏ మాట మారుతుందో, ఏది మారదో గుర్తు పెట్టండి. ‘మేక్ అప్ మై మైండ్’లో ‘మై’ మారుతుంది, ‘మైండ్’ మారదు. ‘స్పిల్ ద బీన్స్’ (గుట్టు బయటపెట్టడం) అన్నదాన్ని పాసివ్‌లో అనొచ్చు, ‘కిక్ ద బకెట్’ను అలా తిప్పితే నిజంగానే ఎవరో బకెట్‌ను తన్నినట్టవుతుంది. రాసినదాన్ని పైకి చదవండి. అదే రోజు ఎవరికో ఒకరికి మెసేజ్‌లోనైనా వాడండి. వారానికి అయిదు చాలు. అవి నోటికి అలవాటయ్యే దాకా ఆరోదాని జోలికి వెళ్లకండి.