వేపచెట్టు కింది కారు

పిల్లలూ! కిందటి వేసవి సెలవులకు ముందు మా బడిలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు నా దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. అది పాఠంలోది కాదు.

"సార్, మా చిన్నాయన పాత కారు కొంటనంటున్నడు. పదిహేనేండ్ల సంది అది చెట్టు కిందనే ఉన్నది. పత్తి అమ్మిన పైసలు దానికి పెడ్తడంట. మా నాయనమ్మ రెండు దినాల సంది ఎవ్వరితోటి మాట్లాడుతలేదు. కొనొచ్చునా, కొనొద్దా?"

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల్లో పత్తి డబ్బంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. చూడకుండా చెప్పలేనన్నాను. ఆదివారం పొద్దున బడి ప్రయోగశాలలోని దండాయస్కాంతం, ఒక టార్చిలైటు, స్క్రూడ్రైవరు, చేతి అద్దం, పాత దుప్పటి సంచిలో వేసుకుని బయలుదేరాను. కారు దేవరకొండ దాటాక ఒక పల్లెలో ఉంది.

వేపచెట్టు కింద, ఆకులూ పిట్టల రెట్టలూ మీద పరుచుకుని, నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయి నిలబడి ఉన్న ఆ బండి స్టాండర్డ్ హెరాల్డ్. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారు వచ్చింది. దాన్నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారు చేశారు. ఇంజను 948 ఘనపు సెంటీమీటర్లది, అంటే ఒక లీటరు కూడా లేదు. దాని ఆకారాన్ని గీసినవాడు ఇటలీ దేశస్థుడు జియోవన్ని మికెలొట్టి. ఆయనే హెరాల్డ్ చట్రాన్ని కురచ చేసి, దాని మీద రెండు సీట్ల స్పోర్ట్స్ కారును రూపొందించాడు. 1962లో వచ్చిన ఆ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ప్రపంచంలో పేరు పొందింది. కాబట్టి మన వేపచెట్టు కింది కారు ఒక స్పోర్ట్స్ కారుకు అక్క వరస. అబ్బాయి చిన్నాయన మోజు పడ్డాడంటే నేను తప్పు పట్టను. నేనూ ఒకప్పుడు పడ్డాను. ఆ సంగతి తరువాత.

ఈ కారులో ఒక విశేషం ఉంది. ఈనాటి కార్లలో పైడొక్కు, అడుగు అంతా ఒకే పెట్టెలా అతికి ఉంటుంది. హెరాల్డులో అలా కాదు. అడుగున విడిగా ఒక ఇనుప చట్రం, దాని మీద బోల్టులతో బిగించిన డొక్కు. మన ఎడ్లబండికి నొగలు ఎలాగో దీనికి చట్రం అలాగ. నొగలు విరిగిన బండికి చక్రాలు ఎంత బాగుంటే ఏం లాభం? అందుకని ఇటువంటి బండిని చూసేటప్పుడు పైనుంచి కిందికి కాదు, కిందినుంచి పైకి చూడాలి.

అయస్కాంతం ఏం చెప్పింది?

"రంగు బాగనే ఉన్నది గద సార్," అన్నాడు చిన్నాయన. నిజమే, దుమ్ము తుడిస్తే ఎర్రరంగు మెరిసింది. నేను అయస్కాంతానికి పలుచటి గుడ్డ చుట్టి తలుపు పైభాగాన ఆనించాను. టక్కున పట్టింది. తలుపు కింది అంచు దగ్గర ఆనించాను. జారి కింద పడింది.

ఎందుకో ఆలోచించండి. అయస్కాంతం ఇనుమును ఆకర్షిస్తుంది. రంగు పొర మిల్లీమీటరులో చిన్న భాగమే కనుక దాన్ని దాటి ఆకర్షణ బాగానే పనిచేస్తుంది. కానీ దూరం పెరిగే కొద్దీ ఆ బలం చాలా త్వరగా తగ్గిపోతుంది. తుప్పు తిన్న చోట రేకును కోసి కొత్త రేకు అతకడానికి బదులు, పుట్టీ మెత్తి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది రంగు వేస్తే కంటికి తేడా తెలియదు. పుట్టీకి అయస్కాంత గుణం లేదు. కన్ను మోసపోయిన చోట అయస్కాంతం మోసపోదు.

నల్లగొండ గడియారం సెంటరు దగ్గర ఒక ముసలి మేస్త్రి నాతో ఎప్పుడో అన్న మాట గుర్తుకొచ్చింది: "రంగు జూసి కొంటే రంగే మిగుల్తది సారూ." ఆ మాట నేను ఆలస్యంగా విన్నాను. 1997లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇటువంటి హెరాల్డునే ఒకదాన్ని కొన్నాను. ఎవరి దగ్గర కొన్నానో అనవసరం. మిలమిలలాడే నీలిరంగు. ఇంటికి తెచ్చిన నెలకు చక్రం మార్చడానికి జాకీ పెట్టి ఎత్తబోతే కారు లేవలేదు, జాకీయే డొక్కులోకి దిగబడింది. సైన్సు మాష్టారిని, అయస్కాంతం నా బల్ల సొరుగులోనే ఉంది! రెండేళ్ల పొదుపు కిలోల లెక్కన తూకానికి వెళ్లిపోయింది.

తుప్పు ఎక్కడ తింటుంది?

తుప్పు పట్టడానికి గాలిలోని ఆక్సిజన్, నీరు రెండూ కావాలని మీ పుస్తకంలో ఉంది. మేకులు వేసిన మూడు పరీక్షనాళికల ప్రయోగం మీరు చేసే ఉంటారు. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వానే పడుతుంది. విశాఖపట్నంలో ఉన్నట్టు ఉప్పుగాలి లేదు. ఆ లెక్కన మన కార్లకు తుప్పు తక్కువే పట్టాలి. పైభాగాల విషయంలో అది నిజం కూడా. ఆ హెరాల్డు పైకప్పు, ముందుకు తెరుచుకునే పెద్ద బానెట్టు చక్కగా ఉన్నాయి. మరి తలుపుల కింద ఎందుకు తిన్నది?

దీనికి జవాబు ఒక నీటి చుక్కలో ఉంది. ఇంగ్లండుకు చెందిన ఇవాన్స్ అనే శాస్త్రజ్ఞుడి పేరు మీద ప్రసిద్ధమైన ప్రయోగం ఇది. మీరూ చేయవచ్చు. ఒక ఇనుప రేకు ముక్కను గరుకు కాగితంతో మెరిసేలా రుద్దండి. కొంచెం ఉప్పునీటిలో రెండు మూడు చుక్కల ఫినాఫ్తలీన్ కలిపి, ఒక పెద్ద చుక్కను రేకు మీద వేసి కదపకుండా ఉంచండి. కాసేపటికి చుక్క అంచు చుట్టూ గులాబి రంగు వస్తుంది. ఫినాఫ్తలీన్ క్షారంలో గులాబి అవుతుందని మీకు తెలుసు. అంటే అంచులో క్షారం పుట్టింది. అంచు పలుచగా ఉంటుంది కనుక అక్కడికి గాలిలోని ఆక్సిజన్ సులభంగా చేరి, నీటితోనూ ఇనుములోంచి వచ్చిన ఎలక్ట్రాన్లతోనూ కలిసి హైడ్రాక్సైడ్ అయానులను ఇస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడివి? చుక్క మధ్యలో, ఆక్సిజన్ సరిగా అందని చోట, ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలోకి దిగుతుంది. ఈ రెండూ కలిసే చోట తుప్పు వలయంలా పేరుకుంటుంది. మర్నాడు కడిగి చూడండి: గుంట పడేది మధ్యలో!

వింతగా లేదూ? తుప్పుకు ఆక్సిజన్ కావాలి, కానీ ఇనుము కరిగేది ఆక్సిజన్ తక్కువ ఉన్న చోట. ఒక చిన్న విద్యుత్ ఘటం ఆ చుక్కలో పనిచేస్తోందన్న మాట.

ఇప్పుడు కారుకు రండి. చక్రాలు చిమ్మిన బురద తలుపుల కింద, చట్రం మూలల్లో పేరుకుంటుంది. బురద తడిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది, ఆక్సిజన్‌ను లోపలికి రానివ్వదు. చుక్క మధ్యభాగంలాగే బురద కింది ఇనుము ఆహుతి అవుతుంది. వేప ఆకులు కుళ్లి నీరు పోయే రంధ్రాలను మూసేశాయి. కారు లోపలి నేల మీద పరిచిన చాపలదీ అదే కథ. పైగా తుప్పు అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే రంగు బొబ్బలెక్కి, పొరలు పొరలుగా రాలుతుంది.

దుప్పటి పరుచుకుని కారు కిందికి దూరాను. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి మాత్రం ఎన్నడూ దూరకండి. జాకీ జారితే మనిషి బతకడు. ఇది నేల మీదే ఉంది కనుక దూరాను. అద్దంతో, టార్చితో చట్రం పొడవునా చూసి, స్క్రూడ్రైవరు పిడితో కొడుతూ పోయాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము బొద్దుగా, పగిలిన కుండలా మోగుతుంది. నడిమి దూలాలు రెండూ ఖంగుమన్నాయి. వెనక కుడివైపు, డొక్కును మోసే చెయ్యిలో మాత్రం నా బొటనవేలు పట్టేంత బొక్క ఉంది.

బిగుసుకున్న ఇంజను

"నడవని బండికి అరుగుదల ఉండదు గద!" అని చిన్నాయన వాదన. చాలామంది అలాగే అనుకుంటారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని తెప్పించుకోబోయి, చేతికి రాకముందే 1911లో చనిపోయాడు. మన మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. ఆ 1912 నాటి కారు మీద వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అది తిరిగింది చాలా తక్కువ. అంతమాత్రాన దానికి సేవ అక్కరలేకపోలేదు. నిలబడ్డ బండిలో రబ్బరు గట్టిపడి పగులుతుంది. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి జిగురు మిగులుతుంది. బ్రేకు నూనె గాలిలోని చెమ్మను పీల్చుకుని లోపలి గొట్టాలను తుప్పు పట్టిస్తుంది. సిలిండర్లలో నూనె పొర జారిపోయాక పిస్టను వలయాలు గోడకు అతుక్కుంటాయి.

మన హెరాల్డు ఇంజనుకు పానా వేసి తిప్పితే ఇసుమంత కదల్లేదు. ఇక్కడ బలం చూపితే పిస్టన్లు విరుగుతాయి. ఓపిక కావాలి. స్పార్కు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి కిరసనాయిలు, ఇంజను ఆయిలు కలిపి పోయించాను. వత్తి నూనెను పైకి పీల్చుకునే కేశనాళికీయతే ఈ పలుచటి ద్రవాన్ని వెంట్రుకవాసి సందుల్లోకి కూడా లాక్కుపోతుంది. రోజూ కాస్త పోసి, మెల్లగా పానా వేసి చూడమన్నాను.

పట్టేసిన నట్టుకు మరో ఉపాయం వేడి. మీరు గుండు-వలయం ప్రయోగం చూశారు కదా! పది మిల్లీమీటర్ల రంధ్రమున్న ఇనుప నట్టును 300 డిగ్రీలు వేడెక్కిస్తే ఆ రంధ్రం ఎంత పెరుగుతుంది? ఇనుము వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.000012. గుణిస్తే 0.036 మిల్లీమీటరు, అంటే దాదాపు సగం వెంట్రుక మందం. బోల్టు అంతగా వేడెక్కకముందే తిప్పితే, తుప్పు పట్టు విడవడానికి అంత చాలు. పెట్రోలు టాంకు దగ్గర మాత్రం ఈ పని కూడదు.

చిన్న విడిభాగాల తుప్పు వదిలించడానికి విద్యుద్విశ్లేషణ ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో చాకలి సోడా కలిపిన నీరు, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు. తుప్పు పట్టిన ముక్కను ఋణధ్రువానికి, పనికిరాని ఇనుప రేకును ధనధ్రువానికి కలపాలి. ముక్క మీద హైడ్రోజన్ బుడగలు లేచి, తుప్పు నల్లబడి వదులవుతుంది. హైడ్రోజన్ మండే వాయువు కనుక ఆరుబయట, పెద్దవాళ్ల ఎదుటే చేయాలి. ధనధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, విషపూరితమైన క్రోమియం లవణాలు నీటిలోకి వస్తాయి.

బోరునీళ్ల సంగతి

రేడియేటరు మూత తీసి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నేను వెతుకుతున్నదీ అదే. మన రాతి నేలల్లో బోరునీరు కఠిన జలం. అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు, నీరు వేడెక్కగానే కాల్షియం కార్బనేటుగా మారి గోడలకు పొలుసు కడుతుంది. మీ ఇంట్లో నీళ్లు కాగబెట్టే బగోనె అడుగున కనబడేది ఇదే. ఆ పొలుసు కొంచెం గీకి నిమ్మరసం పిండండి, బుసబుసమని కార్బన్ డయాక్సైడు వస్తుంది. ఈ పొలుసు వేడిని ప్రసారం చేసేది పోత ఇనుముతో పోలిస్తే సుమారు ఇరవయ్యో వంతే. అగ్గిపుల్ల మందాన పేరుకుంటే ఇంజను వేడి నీటికి చేరదు, ఇంజను ఉడికిపోతుంది.

మన నీటిలో ఫ్లోరైడు ఉందనీ, దాన్ని పటిక, సున్నంతో తొలగించే 'నల్లగొండ పద్ధతి'ని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించిందనీ మీకు తెలిసే ఉంటుంది. అది మనుషుల ఎముకల కోసం వచ్చిన పద్ధతి. కాఠిన్యాన్ని తీసేయదు. కారుకు మంచిది వాననీరు, లేదా స్వేదన జలం.

కాగితాల మాట కూడా ఒకటి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లను 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలుంటాయి. అటువంటి బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ఈ మాట వినగానే చిన్నాయన ముఖం చిన్నబోయింది. మిర్యాలగూడకు సరుకు వేసుకుపోవచ్చని ఆయన ఆశ!

వేపచెట్టు కిందే కూర్చుని అబ్బాయి చేతనే నోటుపుస్తకంలో లెక్క వేయించాను. చట్రంలో అతుకు, తలుపుల కింద కొత్త రేకు, బ్రేకులు మొత్తం, టైర్లు, రేడియేటరు, నమోదు. ఇంజను సంగతి తెలియదు కనుక అక్కడ ప్రశ్నార్థకం పెట్టించాను. మొత్తం కారు అడిగిన ధరకు నాలుగు రెట్లు దాటింది. నాయనమ్మ గడప దగ్గర నిలబడి ఆ లెక్కను రెండుసార్లు చదివించుకుంది.

చివరకు బేరం సగానికి దిగింది. అయస్కాంతం జారిపడ్డ చోట్లన్నీ అబ్బాయి సుద్దముక్కతో గుర్తులు పెట్టి చూపించేసరికి అమ్మేవాళ్లు మాట మార్చారు. పత్తి డబ్బులో మూడో వంతు మించి దీనికి పెట్టకూడదని నాయనమ్మ షరతు. ఇంజను పదకొండో రోజున పావు చుట్టు కదిలిందని అబ్బాయి ఫోను చేశాడు. ఇంకా స్టార్టు కాలేదు. మొన్నటి వానలకు మాత్రం నాయనమ్మ చూరు కింద రెండు బిందెలు పెట్టించిందట, రేడియేటరు కోసం.