కాకస్ సభ: అర్హత – హాజరు

ప్రజాస్వామ్యమున వోటు వేయుట అందరెరిగిన హక్కు. అయితే వోటు చీటీపై ఎవరి పేరు ఉండవలెనో నిర్ణయించువారెవరు? మన దేశమున సాధారణముగా పార్టీల నాయకమండలులే అభ్యర్థులను నిర్ణయించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ పనిలో సామాన్య పౌరునకును పాలు కలదు. అచ్చట పెక్కు రాష్ట్రములలో 'ప్రైమరీ' అను ప్రాథమిక ఎన్నిక జరుగును. కొన్నింట 'కాకస్' అను పద్ధతి వాడుకలో నున్నది. కాకస్ అనగా ఒక చిన్న ప్రాంతమునందలి పార్టీ సభ్యులు నిర్ణీత సమయమున ఒకచోట కూడి తమ అభిప్రాయమును తెలుపు సభ. దీనిని ప్రభుత్వము గాక పార్టీయే నడుపును.

ఈ సభలకు పేరొందినది అయోవా రాష్ట్రము. మొక్కజొన్న పంటకు ప్రసిద్ధమైన ఈ రాష్ట్రమున 99 కౌంటీలు కలవు. ప్రతి కౌంటీయు 'ప్రిసింక్టు'లను చిన్న భాగములుగా విభజింపబడినది. సభలు పాఠశాలలలోను, గ్రంథాలయములలోను, చర్చిలలోను జరుగును.

ఇందు పాల్గొనుటకు ఎవరు అర్హులు? 2020 నాటి నియమములను చూడుడు. మొదటిది, వోటుహక్కునకు అర్హుడైన పౌరుడై, ఆ ప్రిసింక్టులో నివసించువాడై యుండవలెను. రెండవది, ఆ పార్టీ సభ్యునిగా నమోదు కావలెను. ఆ సాయంకాలము సభాద్వారము కడనే నమోదు చేసికొనవచ్చును. మూడవది, నవంబరు ఎన్నిక నాటికి 18 ఏండ్లు నిండవలెను. కావున 17 ఏండ్ల విద్యార్థి సైతము తన ఉపాధ్యాయుని ప్రక్కన నిలిచి సమానముగా లెక్కింపబడెను!

2020 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి 7 గంటలకు డెమొక్రాటిక్ పార్టీ సభలు ఇట్లు జరిగినవి. ఒక్కొక్క అభ్యర్థిని కోరువారు గదిలో ఒక్కొక్క మూలకు చేరిరి. సాధారణముగా వచ్చినవారిలో నూటికి 15 మందియైనను లేని జట్టు నిలువదు. నూరుగురు కూడిన సభలో 12 మందియే గల జట్టువారు వేరొక జట్టులో చేరవచ్చును. లేదా ఇతరులను తమవైపు త్రిప్పుకొనవచ్చును. పిదప జట్ల బలమును బట్టి కౌంటీ మహాసభకు ప్రతినిధులను పంపుదురు. రిపబ్లికన్ పార్టీ సభలలో మాత్రము ప్రసంగములైన పిదప కాగితముపై రహస్యముగా అభిప్రాయము తెలుపుదురు.

ఇట్లు తలుపు అందరికిని తెరచియే యున్నట్లు తోచును. కాని రాత్రిపూట పనికి పోవు కార్మికుడు, చంటిబిడ్డ తల్లి, మంచము పట్టిన వృద్ధుడు ఆ గంటకు ఎట్లు రాగలరు? అర్హత యున్నను హాజరు లేనివానికి లెక్కలో చోటు లేదు. ఈ లోపమును సవరింప కొన్ని యత్నములు జరిగినవి. 2008లో నెవాడా రాష్ట్రమున లాస్ వేగాస్ హోటళ్ళ కార్మికుల సౌకర్యార్థము 9 చోట్ల ప్రత్యేక సభలు జరిగెను. 2020లో అయోవాలోని అటమ్‌వా పట్టణమున, సాయంకాలము పనికి పోవలసిన మాంసపు కర్మాగార కార్మికులు మధ్యాహ్నమే సభ జరుపుకొనిరి. 2024లో అయోవా డెమొక్రాటిక్ పార్టీవారు అధ్యక్ష అభ్యర్థిని గూర్చిన అభిప్రాయములను తపాలా ద్వారా సేకరించిరి.

మనము ప్రత్యేకముగా గమనింపదగిన విషయమొకటి కలదు. 2020లో నెవాడా సభల అభిప్రాయ పత్రములు ఇంగ్లీషు, స్పానిషు భాషలతోపాటు ఫిలిప్పీన్ దేశమునుండి వచ్చినవారి తగాలోగ్ భాషలోను లభించెను. సభలోనికి రానిచ్చుట వేరు. సభలో జరుగునది తెలియనిచ్చుట వేరు. భాష తెలియనివాడు గదిలో నున్నను సగము గైర్హాజరైనట్లే.

తెలుగు మాతృభాషగా పరరాష్ట్రమున నివసించు మనకు ఈ మాట క్రొత్త కాదు. మన గ్రామసభ పార్టీ సభ కాదు. అయినను రాజ్యాంగపు 243వ అధికరణము ప్రకారము గ్రామపు వోటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును దానిలో సభ్యులే. తల్లిదండ్రులారా! సభకు వెళ్ళుడు, తెలియని మాటకు అర్థమడుగ సంకోచింపకుడు. విద్యార్థులారా! మీరు ఇంట తెలుగును, వీధిలో ఈ రాష్ట్రభాషను నేర్చినవారు. వోటు వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. సభా ప్రకటనను చదివి మీ అవ్వకు తెలుగులో వివరింపుడు. ఆమె హక్కు ఆమెకు అందుటకు అది మొదటి మెట్టు.

అభ్యాసము: 1. కాకస్‌కును, ప్రైమరీకిని భేదమేమి? 2. మీ గ్రామసభకు రాలేనివారెవరు? కారణములు విచారించి వ్రాయుడు.