ఆత్మలను పరీక్షించుట: తొందరపడకుడి

పఠన భాగములు: యెహోషువ 9, 1 యోహాను 4:1-6, అపొ. కార్యములు 17:10-12



పని నిమిత్తము బెంగుళూరు వచ్చిన మనకు ఇక్కడ అయినవారు తక్కువ. కె.ఆర్. పురములో గాని, వైట్‌ఫీల్డ్‌లో గాని, ఎలక్ట్రానిక్ సిటీలో గాని ఎవరైనా తెలుగులో "వందనములండీ" అని పలుకరించినచో ప్రాణము లేచివచ్చును. ఆ ఆప్యాయత దేవుని వరమే. అయితే మోసగాడును ఆ వాకిటనే లోపలికి వచ్చును. గనుక ఒక్క సంగతి నేర్చుకొందము: సత్యము పరీక్షకు భయపడదు, మోసము ఆలస్యమునకు భయపడును.

1. మూడు దినములు

గిబియోనీయులు చినిగిన సిద్దెలు, బూజుపట్టిన రొట్టెలు చూపి, దూరదేశమునుండి వచ్చితిమని చెప్పిరి. ఇశ్రాయేలు పెద్దలు రొట్టెలను చూచిరి గాని దేవుని అడుగలేదు. వెంటనే ప్రమాణము చేసిరి. మూడు దినములకే వారు పొరుగువారని తెలిసెను. ఆ మూడు దినములు ముందుగా ఆగియుండినయెడల ఆ ప్రమాణము చేసియుండరు.

2. పదిహేను నెలలు

మన తెలుగు బాప్టిస్టు పితరులు దీనికి మంచి మాదిరి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఇ. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకపు పని కాంట్రాక్టుకు తీసికొని, వేలమందికి కూలి, కూడు కల్పించిరి. అనేకులు బాప్తిస్మము అడిగినను, కూటికొరకు వచ్చుచున్నారేమోయని పదిహేను నెలలు ఎవరికిని ఇయ్యలేదు. సహాయపు సొమ్ము ఇక లేదని చెప్పిన తరువాతను జనులు వెనుదిరుగలేదు. అప్పుడు బోధకులు వారిని పరీక్షించిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

గమనించుడి: అన్నము పెట్టుటకు వారు ఆలస్యము చేయలేదు, నమ్మి ఒప్పుకొనుటకు తొందరపడలేదు. క్రొత్తవారియెడల మన నడతయు ఇట్లే ఉండవలెను.

3. మన పట్టణములో

2019 జూన్‌లో ఈ బెంగుళూరులోనే ఐ.ఎం.ఎ. అను పెట్టుబడి సంస్థ కూలిపోయెను. తమ మతధర్మమునకు తగిన లాభమని నమ్మి సొమ్ము దాచిన వేలాది కుటుంబములు, వారిలో ముస్లిములు ఎక్కువమంది, నష్టపోయిరి. ఇది పొరుగువారి సంగతియని తలంచరాదు. భక్తిపేరు చెప్పి నమ్మకము సంపాదించువాడు ప్రార్థన గుంపులోనికిని రాగలడు. ఫోనులో ప్రవచనము చెప్పి, వీసా రావలెనన్న ముందు కానుక పంపుమనును. విశ్వాసుల చీటీయని రిజిస్ట్రేషను లేని చీటీ కట్టించును. కొడుక్కి ఉద్యోగమిప్పింతునని అడ్వాన్సు అడుగును.

4. నాలుగు ప్రశ్నలు

• ఈ మాట క్రీస్తును ఘనపరచుచున్నదా, చెప్పువానినా? చెప్పినది జరిగినను, అది మనలను దేవునినుండి త్రిప్పివేయునదైతే వినరాదు (ద్వితీ. 13:1-3).
• సొమ్ము ఎవరి చేతికి పోవును? గేహజీని జ్ఞాపకము చేసికొనుడి (2 రాజులు 5).
• "ఎవరికిని చెప్పవద్దు" అనుచున్నాడా? భార్యకు, భర్తకు, సంఘ కాపరికి చెప్పరాని ఆశీర్వాదము అనుమానింపదగినదే.
• "ఈ రాత్రికే" అని తొందరపెట్టుచున్నాడా? బెరయవారు పౌలు మాటనే ప్రతిదినము లేఖనములతో పరిశీలించిరి.

అట్లని ప్రతివానిని అనుమానించుట వివేకము కాదు. ప్రవచనములను నిర్లక్ష్యము చేయక, సమస్తమును పరీక్షించి, మేలైనదానిని పట్టుకొనుమనియే వాక్యము చెప్పుచున్నది (1 థెస్స. 5:19-21).

ఎవరైనా మోసపోయినచో, నిందింపకుడి. సిగ్గుచేత ఒకరు దాచినప్పుడే మరొకరు అదే గోతిలో పడుదురు. ఫోను లేక బ్యాంకు ద్వారా సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి తెలుపుడి. సంఘ పెద్దలతోను చెప్పుడి.

చర్చకు: మన గుంపులో క్రొత్తగా వచ్చినవానికి ఏ సహాయము వెంటనే చేయవలెను? ఏ బాధ్యత అప్పగించుటకు ఆగవలెను?

ప్రార్థన: ప్రభువా, మా ప్రేమను చల్లారనియ్యకుము, మా కన్నులను మూయబడనియ్యకుము. ఆమేన్.