పొడుగుకాళ్ళ పచ్చయీగ

హైదరాబాదు నగరమునకు పడమట గచ్చిబౌలి యున్నది. గాజుమేడలతో నిండిన యీ ప్రాంతమున, 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో నేటికిని బండరాళ్ళును, పొదలును, చెరువులును కలవు. వానకాలమున నొక ఉదయము, ఇట్టి చోట ఎండ సోకిన వెడల్పాటి ఆకు నొకదానిని ఓపికతో కనిపెట్టి చూడుడు. మెఱుగుపెట్టిన పచ్చపూస వంటి చిన్న ఈగ, సన్నని పొడవైన కాళ్ళపై నిక్కి నిలిచి, అటునిటు పరుగులిడుచు కనబడవచ్చును. పట్టబోయినవారికి వట్టి చేయియే మిగులును. మాయమైన యీగ మరుక్షణమున ప్రక్క ఆకుపై వ్రాలి యుండును!

ఇది డోలికోపోడిడే అను కుటుంబమునకు చెందినది. గ్రీకు భాషలో 'డోలికోస్' అనగా పొడవైనది. 'పౌస్' అనగా పాదము. ఈ కుటుంబమున 7000కు పైగా జాతులు గుర్తింపబడినవి. తోటలలో ఆకులపై తిరుగునవి తరచుగా కాండిలోస్టైలస్ అను ప్రజాతిలోనివి.

పచ్చగా మెఱయు ఈగ యనగానే పలువురికి కుళ్ళిన మాంసముపై ముసురు ఈగ జ్ఞప్తికి వచ్చును. ఆ పోలికయే దీనికి ప్రాణాంతకము. చీడయని తలచి దీనిపై మందు చల్లువారు కలరు. నిజమునకు రెంటికిని పోలిక రంగుతోనే సరి. మాంసముపై ముసురునది బొద్దుగా, గరుకు వెండ్రుకలతో నుండును. పొడుగుకాళ్ళ ఈగ సన్ననిది. దీని పొడవు సాధారణముగా 9 మిల్లీమీటర్లకు మించదు. కాండిలోస్టైలస్ ఈగలలో పెక్కింటి రెక్కలపై పొగరంగు పట్టీలుండును. భూతద్దముతో చూచినచో, కంటిలో ఎఱుపు పచ్చ వరుసలు ఒకదాని ప్రక్క నొకటి నేతచీరలో వలె కానవచ్చును. కంటిలోని చిన్న కటకములు వరుసకొక రంగు వెలుతురును ప్రతిఫలింపజేయుటయే యిందులకు కారణము.

ఇంతవరకు ఎవరైనను గుర్తింపగలరు. సరియైన జాతిని నిర్ణయించుట మాత్రము నిపుణుల పని. మగ ఈగ ఉదరపు తుదిని ముందునకు మడిచి యుంచిన అవయవముల నిర్మాణమును సూక్ష్మదర్శినితో పరీక్షింపవలసి యుండును. ఛాయాచిత్రము నొకదానిని చూచి జాతి పేరు చెప్పుటకు పండితులును వెనుదీయుదురు. ఈ కుటుంబమున కొన్ని జాతుల మగ ఈగలకు కాళ్ళపై కుచ్చులవంటి అలంకారములును కలవు. ఆడ ఈగ యెదుట వానిని ఊపి చూపును.

ఇంత సొగసైన ప్రాణికి వృత్తి వేట. పేనుబంక, నల్లి, తామరపురుగు వంటి మెత్తని శరీరముగల వానిని పట్టి, మూతి చివరి పెదవులతో చుట్టి, నలిపి, రసము పీల్చును. మనుష్యులను కుట్టదు. దీని డింభకములలో పెక్కు తేమగల మట్టిలోను, క్రుళ్ళుచున్న ఆకుల క్రిందను నివసించుచు, అవియు చిన్న పురుగులనే తినును. కావున ఆకుచెత్తనంతయు ఊడ్చి కాల్చి, నేలను సిమెంటుతో కప్పిన పెరటిలో వీనికి చోటు లేదు.

పేనుబంకకై చల్లిన మందు దానిని తిను ఈగను కూడ చంపును. మిగిలిన కొద్ది పేనుబంక మగదాని తోడు లేకయే పిల్లలను కని, కొలది దినములలో కొమ్మనంతయు కప్పివేయును. ఈగ యన్ననో, గుడ్డు, డింభకము, కోశము అను దశలన్నియు మట్టిలో గడచిన పిదప గాని రెక్కలతో ఆ కొమ్మకు చేరలేదు.