సాక్ష్యం: పొరుగువారు చెప్పేది, మనం చెప్పవలసింది

అల్లాహ్‌కు స్తుతి. ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు కలుగుగాక!

మన ఊళ్లలో, బస్తీల్లో ముస్లిం కుటుంబాల పక్కనే క్రైస్తవ కుటుంబాలు కాపురముంటాయి. కుళాయి దగ్గర, బడి గేటు దగ్గర, ఆసుపత్రి వరండాలో మాటలు కలుస్తాయి. అలా మాట్లాడుకుంటూ ఉండగా పొరుగింటి సోదరి ఒకనాడు తన బతుకులో ప్రభువు చేసిన మేలు గురించి చెబుతుంది. "మా ఆయన తాగుడు మానేశాడు వదినా", "డాక్టర్లు ఆశ వదులుకున్న పిల్లాడు బతికి బయటపడ్డాడు" అంటుంది. దీన్ని వారు 'సాక్ష్యం' అంటారు. ఆదివారం ఆరాధనలోనూ, ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాల్లోనూ ఎవరో ఒకరు లేచి నిలబడి ఇలాంటి సాక్ష్యం చెప్పడం మనకు తెలిసిన సంగతే.

"దీనికి మనం ఏమని జవాబివ్వాలి?" అని మన ఇళ్లలో అడుగుతుంటారు. కొందరు భయపడి ఆ పొరుగుతో మాటలే మానేస్తారు. కొందరు కోపగించుకుంటారు. మరికొందరు ఎగతాళి చేస్తారు. ఈ మూడూ ఇస్లామీయ పద్ధతులు కావు. గ్రంథ ప్రజలతో అత్యుత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని దివ్య ఖుర్ఆన్ (29:46) మనల్ని ఆదేశించింది. ఉత్తమ రీతిలో మాట్లాడాలంటే ముందు ఎదుటివారు చేస్తున్నదేమిటో అర్థం చేసుకోవాలి. కనుక ఈ పాఠంలో క్రైస్తవుల సాక్ష్యం అంటే ఏమిటో, మన తెలుగు నేలపై అది ఎలా వ్యాపించిందో, దాని నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటో చూద్దాం.

సాక్ష్యం ఎలా ఉంటుంది?

క్రైస్తవ సాక్ష్యంలో సాధారణంగా మూడు భాగాలుంటాయి. నేను ఇంతకు ముందు ఎలా ఉండేవాణ్ణి, నాకు ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నాను. దీనికి మూలం వారి గ్రంథంలోనే ఉంది. అపొస్తలుల కార్యములలో పౌలు తన మార్పు కథను అగ్రిప్ప రాజు ముందు చెప్పుకుంటాడు. యోహాను సువార్తలో పుట్టు గుడ్డివాడొకడు చూపు పొందాక, పండితులు అడిగే చిక్కు ప్రశ్నలకు తనకు జవాబు తెలియదని ఒప్పుకుంటూనే, తనకు జరిగింది మాత్రం గట్టిగా చెబుతాడు. దీనికి పాండిత్యం అక్కర్లేదు. చదువు రాని ముసలమ్మ కూడా చెప్పగలదు. ఇదే దాని బలం.

తోళ్ల వ్యాపారి మాట

ఒంగోలు ప్రాంత చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. నెల్లూరు కేంద్రంగా ఏళ్ల తరబడి పనిచేసినా చేరినవారు బహు కొద్దిమంది. 1853లో ఒకసారి, 1862లో మరోసారి ఈ మిషన్‌ను మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు చర్చించుకున్నారు.

ఆ తరువాత పరిస్థితి మారడానికి కారణమైనవారిలో యర్రగుంట్ల పేరయ్య ఒకరు. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. మిషన్ బడిలో చదువుకున్నవాడు కాదు. వ్యాపారం కోసం ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ క్రైస్తవ సందేశం విన్నాడు. తిరిగి వచ్చి తన పల్లెలో, తన బంధువుల మధ్య, తనవారి మాటల్లోనే ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. మరుసటి సంవత్సరం మిషనరీ జాన్ క్లౌ ఆయన పల్లెకు వెళ్లేసరికి నమ్మినవారు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. దొర రాక ముందే పేరయ్య మాట వారికి చేరింది. ఏళ్ల తరబడి పరదేశీయుల బోధ చేయలేని పనిని సొంత మనిషి నోటి మాట చేసింది.

ఆ కొత్త విశ్వాసులకు క్లౌ పెట్టిన నియమాలు తేలికైనవి కావు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువుల మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. పల్లెలో భూస్వాముల దయ మీద బతికే చర్మకారులకు ఈ మాట నిలబెట్టుకోవడం అంటే పని పోగొట్టుకోవడం, దెబ్బలు తినడం కూడా. అయినా నిలబడినవారి మాటకు విలువ పెరిగింది. కుల పీడన నుంచి గౌరవం కోరుకోవడం కూడా ఈ ఉద్యమానికి ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. అది నిజమే. మనిషిని మనిషిగా చూసిన చోటికి మనిషి వెళతాడు. ఈ మాట మన మనసులో పెట్టుకోవాలి.

కరువులో తీసుకున్న నిర్ణయం

1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని మహా కరువు పట్టి పీడించింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుగా తీసుకుని వేలాది మందికి కూలి కల్పించాడు. మిషన్ బోధకులే అక్కడ మేస్త్రీలు. పని మధ్య విశ్రాంతి వేళల్లో కూలీలతో కూర్చుని తమ విశ్వాసం గురించి మాట్లాడేవారు. చాలామంది బాప్తిస్మం కోరారు. కానీ క్లౌ సుమారు 15 నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం, కూలి కోసం వచ్చేవారెవరో, నమ్మి వచ్చేవారెవరో తేలాలన్నది ఆయన ఉద్దేశం. కరువు సహాయం ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆయన విశ్వాసంతో మనం ఏకీభవించకపోవచ్చు. కానీ ఆకలిని ఎరగా వాడకూడదన్న ఆ జాగ్రత్తను మెచ్చుకోక తప్పదు. ధర్మం విషయంలో బలవంతం లేదన్న ఖుర్ఆన్ (2:256) ఆదేశాన్ని నమ్మే మనకు ఈ జాగ్రత్త మరింత అవసరం. బియ్యం మూట చేతిలో పెట్టి చెప్పే సాక్ష్యం ఎవరు చెప్పినా దాని విలువ పోతుంది.

దోర్నకల్ సంగతి

అప్పటి నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు 1909లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య వచ్చారు. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. బాప్తిస్మం పొందే ప్రతి వ్యక్తి చేతా, తన విశ్వాసాన్ని ఇతరులకు చెప్పే బాధ్యత తనపై ఉందని ఆయన ప్రమాణం చేయించేవారు. ఏడాదికొకసారి 'సాక్ష్య వారం' జరిపేవారు. పాస్టర్లతో పాటు కూలీలు, ఆడవారు కూడా పక్క పల్లెలకు వెళ్లి తమ మాట చెప్పేవారు. ఆ పేద క్రైస్తవుల నడతలో, శుభ్రతలో వచ్చిన మార్పు చూసి ఇతర కులాలవారు కూడా ఆకర్షితులవుతున్నారని అజరయ్య చెప్పేవారు. ఆయన కట్టించి 1939లో ప్రారంభించిన దోర్నకల్ చర్చిలో మసీదు, గుడి నిర్మాణ రీతులు రెండూ కలిసి కనిపిస్తాయి. ఈ నేలకు పరాయిగా కనిపించకూడదన్నది ఆయన తపన.

సాక్ష్యం హద్దు ఎంతవరకు?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. సాక్ష్యం ఒక అనుభవానికి ఋజువు. సిద్ధాంతానికి అది సరిపోయే ఋజువు కాదు. తాగుడు మానినవారు, జబ్బు నయమైనవారు అన్ని మతాల్లోనూ ఉన్నారు. అందరూ తమ తమ విశ్వాసమే కారణమంటారు. బిడ్డ బతకడం నిజం. ఆ తల్లి కన్నీళ్లు నిజం. స్వస్థత నిచ్చేవాడు అల్లాహ్ ఒక్కడేనని మన నమ్మకం. ఆయన కారుణ్యం అందరి మీదా కురుస్తుంది. కనుక ఆ తల్లి సంతోషంలో మనం పాలు పంచుకోవచ్చు. హజ్రత్ ఈసా (అలై) దైవ కుమారుడా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఆ సంఘటనలో దొరకదు. దాన్ని దైవగ్రంథం వెలుగులో వెతకాలి. ఈ రెంటినీ వేరుచేసి చూడగలిగితే భయమూ ఉండదు, ఎగతాళి చేయవలసిన పనీ ఉండదు.

నజాషీ దర్బారులో

సాక్ష్యం క్రైస్తవుల సొత్తు మాత్రమే కాదు. క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా హింస భరించలేక కొందరు ముస్లింలు అబిసీనియాకు వలస వెళ్లారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు, న్యాయశీలి. వారిని తిరిగి అప్పగించమని ఖురైష్ దూతలు వచ్చినప్పుడు ముస్లింల తరఫున హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) మాట్లాడారు. ఆయన తర్కంతో మొదలుపెట్టలేదు. తాము విగ్రహాలను పూజించేవారమని, చచ్చిన జంతువులను తినేవారమని, బంధుత్వాలు తెంచేవారమని, పొరుగువారిని బాధించేవారమని, బలవంతుడు బలహీనుణ్ణి మింగేవాడని దాచకుండా చెప్పారు. తరువాత తమలోనే పుట్టి పెరిగిన సత్యసంధుడైన ప్రవక్త (స) వచ్చి ఏం నేర్పారో చెప్పారు. దాని వల్ల తాము ఎలా మారారో, అందుకు ఎలాంటి బాధలు పడ్డారో చెప్పారు. ఇంతకు ముందు, జరిగింది, ఇప్పుడు అనే మూడు భాగాలు ఇక్కడా ఉన్నాయి. రాజు కోరగా సూరా మర్యమ్ ప్రారంభ భాగం చదివి వినిపించారు. రాజు, ఆయన మతపెద్దలు కన్నీరు పెట్టుకున్నారు.

మరునాడు అసలు పరీక్ష వచ్చింది. హజ్రత్ ఈసా (అలై) గురించి మీరేమంటారని రాజు అడిగాడు. వారి ప్రాణాలు ఆ రాజు చేతిలో ఉన్నాయి. అయినా జాఫర్ (రజి) తేడాను దాచలేదు. ఆయన అల్లాహ్ దాసుడు, ప్రవక్త, కన్య మర్యమ్‌కు పంపబడిన అల్లాహ్ వాక్కు అని ఉన్నదున్నట్టు చెప్పారు. గౌరవం తగ్గించలేదు, సత్యమూ తగ్గించలేదు. రాజు వారికి అభయమిచ్చాడు.

మన ఇళ్లలో ఏం చేయాలి?

మనం అజాన్‌లో, ప్రతి నమాజు తషహ్హుద్‌లో 'అష్‌హదు' అంటాం. 'నేను సాక్ష్యమిస్తున్నాను' అని దాని అర్థం. రోజుకు ఎన్నోసార్లు అరబీలో సాక్ష్యమిస్తున్న మనం పక్కింటివారికి తెలుగులో ఒక్కసారైనా ఇచ్చామా? ప్రతి ప్రవక్తనూ అల్లాహ్ ఆయన జాతి భాషలోనే పంపాడని ఖుర్ఆన్ (14:4) చెబుతోంది. మన దీనీ చదువు ఉర్దూలో సాగింది. అది మన భాగ్యం. కానీ మన పొరుగువారి భాష తెలుగు. తెలుగులో వచ్చిన ఖుర్ఆన్ అనువాదాల్లో మొదటిదిగా చెప్పుకునేది ముస్లింది కాదు, డాక్టర్ చిలుకూరి నారాయణరావు గారిది. ఆయన శ్రమకు కృతజ్ఞత చెప్పుకుంటూనే మన బాధ్యతను గుర్తు చేసుకోవాలి.

కనుక మా సూచనలు ఇవి:

1. పొరుగువారు సాక్ష్యం చెబితే మధ్యలో అడ్డు తగలకుండా పూర్తిగా వినండి. "అక్కా, మీ పిల్లాడు కోలుకున్నందుకు మాకూ సంతోషంగా ఉంది" అనడం అబద్ధం కాదు, అది పొరుగువారి హక్కు.

2. వారి పూజ్యులను గాని, పెద్దలను గాని దూషించకండి. ఖుర్ఆన్ (6:108) దీన్ని నిషేధించింది.

3. హజ్రత్ ఈసా (అలై), హజ్రత్ మర్యమ్ (అలై) గురించి పిల్లలకు ఇంట్లోనే నేర్పండి. ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన ఏకైక స్త్రీ మర్యమ్ అని ఎందరో క్రైస్తవ సోదరులకు తెలియదు. మనం చెప్పకపోతే వారికెలా తెలుస్తుంది?

4. మీ సాక్ష్యాన్ని ఐదారు వాక్యాల్లో, వాడుక తెలుగులో సిద్ధం చేసుకోండి. 'తౌహీద్', 'తఖ్వా' అంటే పొరుగువారికి అర్థం కాదు. "దేవుడు ఒక్కడే, ఆయన ముందు తప్ప తల వంచము, చేసిన ప్రతి పనికీ ఆయనకు జవాబు చెప్పుకోవాలి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. నమాజు మీ కోపాన్ని ఎలా తగ్గించిందో, వడ్డీ మానుకున్నప్పుడు ఎంత కష్టమైందో చెప్పండి. జరిగిందే చెప్పండి. అబద్ధపు సాక్ష్యాన్ని మహాప్రవక్త (స) ఘోర పాపాల్లో చేర్చి, ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చుని మరీ హెచ్చరించారు. లేని అద్భుతాన్ని కల్పించి చెప్పడం ధర్మసేవ కాదు సుమా!

5. అడగనిదే మీద పడి చెప్పకండి. యస్రిబ్‌లో హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి), బల్లెం పట్టుకుని వచ్చిన ఉసైద్‌తో, కూర్చుని వినమని, నచ్చకపోతే చెప్పడం ఆపేస్తామని అన్నారు. విన్న ఉసైద్ విశ్వాసి అయ్యారు. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ తమ మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛనిచ్చింది. అయితే అది ఎదుటివారిని మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. హృదయాలను మార్చేవాడు అల్లాహ్. చెప్పడం వరకే మన పని.

6. చివరిదీ, అన్నింటికన్నా బరువైనదీ: చేయనిది ఎందుకు చెబుతారని ఖుర్ఆన్ (61:2) విశ్వాసులను నిలదీసింది. కిరాణా కొట్టులో తూకం, తీసుకున్న అప్పు, పనిమనిషితో మాట్లాడే తీరు, కోడలిపై చేసే పెత్తనం, ఇవన్నీ మనం నోరు తెరవక ముందే మన గురించి సాక్ష్యం చెబుతుంటాయి. పొరుగువారు ముందు దాన్నే వింటారు.

ఈ నెల ఇంటిల్లిపాదీ ఒక సాయంత్రం కూర్చోండి. ఒక్కొక్కరూ వంతుల వారీగా, 'నేను ముస్లింగా ఎందుకు బతుకుతున్నాను?' అన్న ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పండి. పిల్లలను ముందుగా చెప్పనివ్వండి. ఎక్కడ మాట తడబడుతుందో అక్కడే మనం నేర్చుకోవలసింది ఉంది.

అల్లాహ్ మన నాలుకలకు సత్యాన్ని, మన నడతకు ఆ సత్యానికి తగిన అందాన్ని ప్రసాదించుగాక! మన పొరుగువారి పట్ల మనల్ని మేలు చేసేవారిగా ఉంచుగాక! ఆమీన్.