పొడ తూర్పు పశుజాతి గుర్తింపు: రంగు ఎంతవరకు ఆధారం?

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ ప్రాంతంలో, నల్లమల అంచుల్లో పెరిగే పొడ తూర్పు పశువులను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. అంతకు ముందు ఇవి లెక్కల్లో నాటు పశువులే. 2024 అక్టోబరులో ప్రారంభమైన 21వ పశుగణనలో జాతులవారీ వివరాలు కూడా సేకరించవలసి ఉండింది. కొట్టం ముందు నిలబడిన గణకుడు ఈ పశువును మళ్లీ 'నాటు' అని రాస్తే, నమోదైన జాతి లెక్కల్లో తరిగిపోతుంది. సంకరజాతి ఆవును పొడ తూర్పు అని రాస్తే లేని సంఖ్య పెరుగుతుంది. రెండు పొరపాట్లకూ మూలం ఒకటే: రంగును మాత్రమే చూడటం.

పేరును ముందుగా పరిశీలిద్దాం. పొడ అంటే మచ్చ. తూర్పు అన్నది దిక్కు. అయితే ఎవరికి తూర్పు? గద్వాల, వనపర్తి, రాయచూరు ప్రాంతాల రైతులకు అమ్రాబాద్ తూర్పున ఉన్నది. అక్కడి నుండి వచ్చిన సేద్యపు ఎద్దులకు వారు పెట్టుకున్న పేరిది. అంటే ఈ జాతి పేరు పెంచినవారిది కాదు, కొన్నవారిది. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గుంటక తోలిన రైతుకు గట్టి గిట్టలు, ఎండకు తట్టుకునే ఒడలు గల ఎద్దు కావలసి వచ్చింది. ఆ అవసరమే అడవి అంచున మందలను నిలిపింది. పశుశాస్త్రం ఈ వ్యాసకర్త విభాగం కాదు గానీ, సేద్యపు ఎద్దు మాత్రం సస్యశాస్త్రానికి పరాయిది కాదు.

ఇక రంగు. తెలుపుపై గోధుమ ఎరుపు మచ్చలు, లేదా గోధుమ ఎరుపుపై తెల్ల మచ్చలు ఈ జాతి లక్షణం. కానీ ఏ రెండు పశువుల మచ్చలూ ఒకే తీరున ఉండవు. పిండదశలో వర్ణక కణాలు వెన్ను ప్రాంతం నుండి బయలుదేరి చర్మమంతటా వ్యాపిస్తాయి. అవి చేరని చోట వెంట్రుక తెల్లగా మిగులుతుంది. మచ్చలుండటం వంశపారంపర్యమే అయినా, అవి ఎక్కడ ఏ ఆకారంలో పడతాయన్నది కొంతవరకు యాదృచ్ఛికం. అందువల్ల తల్లి మచ్చలు దూడలో కనబడలేదని అనుమానించనక్కరలేదు. మచ్చలు బహు స్వల్పంగా ఉన్న పశువును దూరం నుండి చూసి 'తెల్లది', 'ఎర్రది' అని ముగించడమూ సరికాదు.

గుర్రాల విషయంలోనూ ఇంతే. మన అశ్వశాస్త్ర గ్రంథాలు రంగులను, సుళ్లను విస్తారంగా వర్ణించాయి. అది ఒక్కొక్క గుర్రపు మంచిచెడ్డల విచారణ. నేటి జాతి నిర్ణయం వేరు. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలను రంగును బట్టి గాక, కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకేటట్లుండే చెవులను బట్టి మొదట పోల్చుకుంటారు.

విద్యార్థులు క్షేత్రంలో తరచు తడబడేది సంకరజాతుల దగ్గర. జెర్సీ సంకరాలలో గోధుమ వన్నెపై తెల్ల మచ్చలు అరుదు కాదు. అప్పుడు మచ్చను వదిలి పక్క నుండి మూపురం చూడాలి. దేశీ పశువులో అది స్పష్టంగా లేచి ఉంటుంది, మెడ కింద గంగడోలు వేలాడుతుంది. సంకరంలో రెండూ తగ్గిపోతాయి. తెలుపుపై నల్ల మచ్చలు, ముందుకు ఉబ్బిన నుదురు, వాలిన పొడుగు చెవులు ఉంటే అది దేవణి కావచ్చు. ఎర్రని గిర్‌కు కూడా మచ్చలుంటాయి గాని, దాని గుండ్రని నుదురు, ఆకులా ముడిచి వేలాడే చెవి దాచినా దాగవు. పొడ తూర్పు వీటితో పోలిస్తే చిన్న, బిగువైన కట్టు గల పశువు.

శరీర లక్షణాలు చూసిన తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. దూడ తండ్రి మందలోని ఆంబోతా, కృత్రిమ గర్భధారణ వీర్యమా? దీనికి జవాబు పశువుపై కనబడదు, యజమానినే అడగాలి. పశువును రెండు పక్కల నుండి ఫోటో తీసి, రైతు దాని రంగును పుల్ల అన్నాడా, బొల్లి అన్నాడా, పొడ అన్నాడా, ఆ మాటను మార్చకుండా నమోదు పుస్తకంలో రాయాలి. ట్రాక్టరు వచ్చిన తరువాత పడమటి బేరం తగ్గిన మందల్లో తండ్రి సంగతి అడగటం మరీ అవసరం. ఎద్దుకు గిరాకీ పడిపోతే మేలైన కోడెను ఆంబోతుగా నిలిపే ఆసక్తీ సన్నగిల్లుతుంది. ఆ లోటు మొదట కనబడేది దూడల వివరాల్లోనే.